ఏదీ నొక్కొద్దంటే కుదురుతుందా? ఇంటి కంప్యూటర్‌కు ఎంత జాగ్రత్త కావాలి

డల్లాస్‌లోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేసుకునే పిల్లలు ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు కంప్యూటర్ కొనిపెట్టాక ఫోన్లో చెప్పే మొదటి మాట దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకటే. "ఏదీ నొక్కకు నాన్నా. ఏ లింకు వచ్చినా తెరవకు." ప్రేమతో చెప్పిన మాటే. కానీ కంప్యూటర్ ఇంట్లో ఉన్నదే నొక్కడానికి. కరెంటు బిల్లు కట్టాలన్నా, మనవరాలికి ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టాలన్నా, ఆదాయ పన్ను రిటర్ను వేయాలన్నా, పొలం అడంగల్ చూసుకోవాలన్నా రోజుకు పాతిక చోట్ల నొక్కక తప్పదు.

పాటించడానికి వీల్లేని సలహా ఊరికే వృథా అయి పోదు, నష్టం కూడా చేస్తుంది. భయపడినవాళ్లు కంప్యూటర్ మీద గుడ్డ కప్పేసి, ప్రతి చిన్న పనికీ వీధి చివరి నెట్ సెంటర్‌కు వెళ్తారు. ఆధార్ నకలు, పాస్‌వర్డ్, ఓటీపీ అన్నీ అక్కడి కుర్రాడికి అప్పజెప్పి వస్తారు. భయం లేనివాళ్లు నాలుగు రోజులు ఆగి ఆగి చూసి, ఐదో రోజు నుంచి అన్నీ నొక్కేస్తారు. ఎందుకంటే నాలుగు రోజుల్లో ఏమీ జరగలేదు.

మనిషి దగ్గరుండే జాగ్రత్తకు ఒక కొలత ఉంది. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా అనుమానంతో బతకడం ఎవరివల్లా కాదు. ఆ ఉన్న కాస్త జాగ్రత్తను ఏయే చోట్ల ఖర్చు పెట్టాలి, ఏయే చోట్ల నిశ్చింతగా ఉండాలి అన్నది తేలితే ఇంటి కంప్యూటర్ భద్రతలో సగం చిక్కు విడిపోతుంది.

మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగంలో పనిచేసే కార్మాక్ హెర్లీ 2009లో ఒక పరిశోధన పత్రంలో ఇదే లెక్క వేశాడు. భద్రతా సలహాలను జనం పెడచెవిన పెడుతుంటే వాళ్లను సోమరులనీ తెలియనివాళ్లనీ నిపుణులు తిడుతుంటారు. హెర్లీ దీన్ని తిరగేసి చూశాడు. ప్రతి సలహాకూ సమయం రూపంలో ఒక ధర ఉంటుంది. కోట్లమంది రోజూ చెల్లించే ఆ ధర, సలహా వల్ల తప్పే నష్టం కంటే ఎక్కువైతే దాన్ని పక్కన పెట్టడమే తెలివైన పని. వెబ్‌సైట్ల ధ్రువపత్రం సరిగా లేదంటూ బ్రౌజర్ చూపించే హెచ్చరికలను ఆయన ఉదాహరణగా తీసుకున్నాడు. ఆ రోజుల్లో వాటిలో దాదాపు అన్నీ ఉత్తుత్తి హెచ్చరికలే. పులి వచ్చె, పులి వచ్చె అని పదిసార్లు అరిచాక పదకొండోసారి ఎవరూ రారు. తప్పు ఊరివాళ్లదని ఎలా అంటాం?

నిపుణులు ఇంట్లో ఏం చేస్తారు

2015లో గూగుల్ పరిశోధకులు నిపుణులనూ మామూలు జనాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. 231 మంది భద్రతా నిపుణులనూ, 294 మంది మామూలు వినియోగదారులనూ ఒకటే ప్రశ్న అడిగారు: ఆన్‌లైన్‌లో క్షేమంగా ఉండటానికి మీరు చేసే ముఖ్యమైన మూడు పనులేమిటి? మామూలు వినియోగదారుల్లో 42 శాతం మంది యాంటీవైరస్ పేరు చెప్పారు. నిపుణుల్లో ఆ మాటన్నవాళ్లు 7 శాతమే. నిపుణుల్లో 35 శాతం మంది సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు వేసుకోవడం అన్నారు. మామూలు జనంలో ఆ మాట తట్టింది 2 శాతానికి.

ఇంత తేడా రావడానికి వెనక ఒక చరిత్ర ఉంది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వార్మ్, అంటే తనంతట తానే పాకే వైరస్, వచ్చింది. మనిషి ఏమీ నొక్కనక్కర్లేదు, విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌ను నెట్‌కు తగిలిస్తే చాలు, తనంతట తానే దూరేది. మరమ్మతులు వేయని విండోస్ కంప్యూటర్ నెట్‌లో పెడితే ఏదో ఒక దాడికి గురయ్యేందుకు సగటున 20 నిమిషాలు పడుతోందని 2004లో సాన్స్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థకు చెందిన ఇంటర్నెట్ స్టార్మ్ సెంటర్ లెక్క కట్టింది. కొత్త కంప్యూటర్ కొని, అప్‌డేట్లు దిగేలోపే అది చెడిపోయే కాలం అది. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 అనే పెద్ద అప్‌డేట్‌తో, నెట్ నుంచి పిలవకుండా వచ్చేవాటిని ఆపే ఫైర్‌వాల్ దానంతట అదే పనిచేయడం మొదలైంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి యాంటీవైరస్ కూడా విండోస్‌తో పాటే వస్తోంది. అంటే షాపువాడు "యాంటీవైరస్ వెయ్యమంటారా సార్, ఏడాదికి ఇంత" అని అడిగే అవసరం చాలా ఇళ్లకు అప్పుడే తీరిపోయింది. అలవాటు మాత్రం మిగిలిపోయింది. విండోస్‌తో వచ్చే డిఫెండర్ అనే ఆ యాంటీవైరస్‌ను ఆపకుండా ఉంచుకుంటే మామూలు ఇంటికి చాలు. ఆ డబ్బు పెట్టి ఒక బయటి హార్డ్ డిస్క్ కొనుక్కుంటే ఎంతో మేలు. ఎందుకో కాస్త ఆగి చూద్దాం.

అప్‌డేట్ల విలువ తెలియాలంటే 2017 మే 12ను గుర్తు చేసుకోవాలి. ఆ రోజు మొదలైన వానాక్రై అనే వైరస్ 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు తాళం వేసి, ఒక్కోదానికి 300 డాలర్ల బిట్‌కాయిన్ అడిగింది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాయి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నీ దాని బారిన పడ్డాయి. అది దూరిన కంతను పూడ్చే మరమ్మతును మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14న విడుదల చేసింది. మందు వచ్చిన రెండు నెలలకు జబ్బు వచ్చింది. "రీస్టార్ట్ చేయమంటోంది, తర్వాత చూద్దాం" అని రెండు నెలలు నెట్టినవాళ్లే ఎక్కువగా నష్టపోయారు.

అందుకే అప్‌డేట్ల విషయంలో మనిషి జాగ్రత్త ఖర్చయ్యేది ఒక్కసారే. వాటంతట అవి దిగేలా సెట్టింగ్ పెట్టి, అడిగినప్పుడు రీస్టార్ట్ చేస్తే సరి. బ్రౌజర్‌కూ అంతే. ఇక్కడ తెలుగు ఇళ్లలో చాలామందికి ఇప్పుడు ఎదురవుతున్న సమస్య ఒకటుంది. విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇంటి వినియోగదారులు ప్రత్యేకంగా నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా మరమ్మతులు వచ్చే ఏర్పాటు ఉంది. పాత యంత్రాల్లో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు, ఎందుకంటే అది టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పునూ కొత్త ప్రాసెసర్‌నూ అడుగుతుంది. యంత్రం బాగానే పనిచేస్తుంటే పారేయక్కర్లేదు. విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ లాంటిది ఎక్కిస్తే నెట్ చూసుకోవడానికీ వీడియో కాల్‌కూ ఉత్తరాలు రాసుకోవడానికీ మరికొన్నేళ్లు వస్తుంది. చేయకూడనిదల్లా అప్‌డేట్లు ఆగిన కంప్యూటర్‌లోనే బ్యాంకు పనులు కొనసాగించడం.

ఒకే తాళంచెవి అన్ని గదులకూ

పాస్‌వర్డ్ గురించి జనానికి చిన్నప్పటి నుంచీ నేర్పిన పాఠం తప్పు పాఠం. పెద్దక్షరం ఉండాలి, అంకె ఉండాలి, ఆశ్చర్యార్థకం ఉండాలి, మూడు నెలలకోసారి మార్చాలి అని చెప్పారు. ఈ నియమాలకు మూలం అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2000ల తొలి ఏళ్లలో ఇచ్చిన మార్గదర్శకాలు. 2017లో అదే సంస్థ వాటిని తిరగరాసింది. కారణం లేకుండా పాస్‌వర్డ్ మార్పించవద్దని, గుర్తులూ అంకెలూ తప్పనిసరి చేయవద్దని, పొడవే ముఖ్యమని చెప్పింది. పాత పత్రం రాసిన బిల్ బర్ అప్పుడు తాను చెప్పినవాటిలో చాలావాటికి చింతిస్తున్నానని 2017లో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రికతో బాహాటంగా అన్నాడు. పెద్ద మనసు. కానీ మన బ్యాంకుల, ప్రభుత్వ పోర్టళ్ల పాస్‌వర్డ్ పేజీలు చాలావరకు ఇంకా ఆ పాత రోజుల్లోనే ఉన్నాయి.

దొంగ ఎవరూ కూర్చుని ఒక్కో ఇంటి పాస్‌వర్డ్ ఊహించడు. ఎక్కడో ఒక వెబ్‌సైట్ ఖజానా బద్దలవుతుంది, అందులోని జాబితా బయటపడుతుంది, అదే ఈమెయిలూ పాస్‌వర్డూ వంద చోట్ల యంత్రంతో పెట్టి చూస్తారు. 2009లో రాక్‌యూ అనే సంస్థ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు ఏ గుప్తలేఖనమూ లేకుండా బయటికొచ్చాయి. అందులో ఎక్కువమంది వాడింది 123456. లింక్‌డిన్ నుంచి 2012లో దొంగిలించిన వివరాల్లో 11.7 కోట్ల ఖాతాలవి 2016లో అమ్మకానికి వచ్చాయి. నాలుగేళ్ల పాటు అవి ఎవరి చేతుల్లో తిరిగాయో! ఉద్యోగం వెతుక్కోవడానికి పెట్టుకున్న పాస్‌వర్డే జీమెయిల్‌కూ పెట్టినవాడు ఎంత బలమైన గుర్తులు చేర్చినా ఏం లాభం? 2013 నుంచి ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా నిపుణుడు నడుపుతున్న హ్యావ్ ఐ బీన్ పౌన్డ్ సైట్‌లో మన ఈమెయిల్ ఇచ్చి, అది ఏయే లీకుల్లో ఉందో ఉచితంగా చూసుకోవచ్చు. పదేళ్లుగా ఒకే చిరునామా వాడుతున్నవాళ్లకు అది కళ్లు తెరిపిస్తుంది.

కాబట్టి చోటుకొక పాస్‌వర్డ్ ఉండాలి. అన్నీ గుర్తుండవు కదా అంటే, గుర్తుండనక్కర్లేదు. బ్రౌజర్‌లోనో ఫోన్‌లోనో ఉండి, పాస్‌వర్డ్‌లన్నీ దాచిపెట్టి అడిగినచోట నింపే పాస్‌వర్డ్ మేనేజర్ వాడొచ్చు. దానికి ఇంకో మేలు కూడా ఉంది. నకిలీ సైట్ మన కంటికి అసలులాగే కనిపిస్తుంది గానీ మేనేజర్ చిరునామా చూస్తుంది కనుక అక్కడ పాస్‌వర్డ్ నింపదు. అది నింపకపోవడమే హెచ్చరిక. ఇదంతా తెలియని పెద్దవాళ్లయితే ఒక నోటు పుస్తకంలో రాసుకుని బీరువాలో పెట్టుకున్నా మంచిదే. ఈ మాట వినగానే ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఉలిక్కిపడతారు. కానీ ఇల్లు ఆఫీసు కాదు. దేశం అవతల కూర్చున్న దొంగకు బీరువా అందదు. ఇంట్లోవాళ్ల మీదే అనుమానం ఉంటే తప్ప, అన్నింటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్న మంచి జ్ఞాపకశక్తి కంటే ఆ పుస్తకమే నమ్మకమైనది. గుర్తుంచుకోక తప్పని ఒకటి రెండింటికి, సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో వరసగా రాసుకుంటే పొడవుకు పొడవు, గుర్తుకు గుర్తు. సామెతలూ పాటల పల్లవులూ మాత్రం వద్దు.

అన్నింటికంటే ఎక్కువ జాగ్రత్త ఒక్క చోట పెట్టాలంటే అది ఈమెయిల్. మిగతా ఏ ఖాతా పాస్‌వర్డ్ మర్చిపోయినా కొత్తది తెచ్చుకునే దారి ఈమెయిల్ గుండానే వెళ్తుంది. అది పోతే అన్నీ పోయినట్టే. దానికి రెండో అంచె ధ్రువీకరణ, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌తో ఇంకోసారి సరిచూసే పద్ధతి, పెట్టుకోవడం పది నిమిషాల పని. గూగుల్ 2019లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఫోన్‌కు వచ్చే ఎస్సెమ్మెస్ కోడ్ ఒక్కటే యంత్రాలతో చేసే దాడులన్నింటినీ, మూకుమ్మడిగా పంపే నకిలీ పేజీల దాడుల్లో 96 శాతాన్నీ ఆపింది. ఒక వ్యక్తినే గురిపెట్టి చేసే దాడుల్లో మాత్రం 76 శాతమే ఆపగలిగింది. ఫోన్ తెరమీద "అవును, నేనే" అని నొక్కే పద్ధతికి అదే లెక్క 90 శాతం. పది నిమిషాల పెట్టుబడికి ఇంత రాబడి ఇంటి భద్రతలో మరోచోట దొరకదు.

తలుపు మనమే తీస్తే

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. యాంటీవైరస్ సంగతీ అంతే. యజమాని స్వయంగా లోపలికి పిలిచినదాన్ని అది ఎంతని ఆపుతుంది? ఇళ్లలో నిజంగా వైరస్ అంటించే పని ఎక్కువగా క్రాక్‌లు, అంటే కొనాల్సిన సాఫ్ట్‌వేర్‌ను డబ్బు కట్టకుండా నడిపించే దొంగ ప్రోగ్రాములు, చేస్తున్నాయి. విండోస్‌ను యాక్టివేట్ చేసే కిటుకు ప్రోగ్రాములు, ఆటల నకళ్లు, ఫొటోషాప్ క్రాక్, పెన్‌డ్రైవ్‌లో చేతులు మారే తెలుగు ఫాంట్ల ప్యాకేజీ వీటిలో ముందుంటాయి. ఎక్కించే ముందు "యాంటీవైరస్ ఆపేయండి" అని అందులోనే రాసి ఉంటుంది, చెప్పినట్టే ఆపేస్తాం. స్టాప్ లేదా డీజేవూ అని పేరున్న రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే ప్రోగ్రామ్) ఏళ్ల తరబడి ఈ దారినే ఇళ్లలోకి వచ్చింది. పెద్ద కంపెనీల జోలికి పోకుండా విద్యార్థులూ చిన్న డీటీపీ పనివాళ్లూ దాచుకున్న ఫైళ్లకు తాళం వేసింది. 2019 అక్టోబర్‌లో ఎమ్సిసాఫ్ట్ అనే యాంటీవైరస్ సంస్థ కొన్ని రకాలకు విరుగుడు ఇచ్చింది. ఆ తర్వాత వచ్చిన రకాల్లో చాలావాటికి విరుగుడు లేదు.

తెలుగు ఫాంట్ల కోసం ఈ ప్రమాదంలోకి దిగడం మరీ బాధ కలిగించే విషయం. సిలికానాంధ్ర పూనికతో వచ్చిన మండలి, రామభద్ర, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. ఉత్తరాలూ లెక్కలూ రాసుకోవడానికి లిబ్రేఆఫీస్ ఉంది. చాలా ఇళ్ల అవసరం వీటితో తీరిపోతుంది.

ఈమధ్య దొంగల తీరు మారింది. తాళం వేసి డబ్బులడిగే బదులు చప్పుడు చేయకుండా బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లనూ, లాగిన్ అయి ఉన్నట్టు గుర్తుపెట్టుకునే కుకీలనూ ఎత్తుకుపోయే ప్రోగ్రాములు పెరిగాయి. కుకీ చేతికొస్తే రెండో అంచె కోడ్ అడగకుండానే ఖాతా తెరుచుకుంటుంది. అలాంటి లుమ్మా అనే ప్రోగ్రామ్ 2025 మార్చి 16 నుంచి మే 16 వరకు రెండు నెలల్లోనే 3.94 లక్షల విండోస్ కంప్యూటర్లకు అంటుకున్నట్టు మైక్రోసాఫ్ట్ గుర్తించి, కోర్టు అనుమతితో దాని సైట్లను మూయించింది.

వీటిని ఎక్కించడానికి వాడే ఒక ఎత్తు ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి. ఒక పేజీ తెరవగానే "మీరు రోబో కాదని నిరూపించండి" అని వస్తుంది. మామూలుగా అయితే బొమ్మలు గుర్తుపట్టమంటుంది కదా, ఇక్కడ అలా కాదు. విండోస్ గుర్తున్న మీటను, ఆర్ అక్షరాన్ని కలిపి నొక్కమంటుంది. తర్వాత కంట్రోల్, వీ నొక్కి, ఎంటర్ కొట్టమంటుంది. ఆ మూడూ చేస్తే పేజీ మనకు తెలియకుండా కాపీ చేసిపెట్టిన ఆదేశం మన చేత్తోనే కంప్యూటర్‌లో నడుస్తుంది. మనిషినని నిరూపించుకోవడానికి కీబోర్డు మీద ఇలా నొక్కమని ఏ అసలైన సైటూ అడగదు. ఒకవేళ అలా జరిగిపోయిందనుకుంటే, పాస్‌వర్డ్‌లను అదే కంప్యూటర్‌లో కూర్చుని మార్చకూడదు. ఫోన్ నుంచి మార్చి, "అన్ని పరికరాల నుంచీ లాగౌట్" నొక్కాలి, ఆ తర్వాతే కంప్యూటర్ బాగుచేయించుకోవాలి.

యంత్రాన్ని వదిలి మనిషి మీదికి

భారతదేశంలో ఆన్‌లైన్ మోసం ఎందుకు ఫోన్ కాల్ రూపంలో వస్తుందో అర్థం కావాలంటే రిజర్వ్ బ్యాంకు నిర్ణయం ఒకటి తెలియాలి. 2009 ఆగస్టు నుంచి ఆన్‌లైన్‌లో కార్డు వాడాలంటే రెండో అంచె ధ్రువీకరణ తప్పనిసరైంది. ఎన్నో దేశాల్లో కార్డు నంబర్ దొరికితే దొంగ పని అయిపోయేది. ఇక్కడ అలా కాలేదు, ఓటీపీ అడ్డం పడింది. మంచి గోడ కట్టారు. గోడ గట్టిదైనప్పుడు దొంగ కాపలావాడితో మాట కలుపుతాడు. ఆ ఓటీపీ మన నోటితో చెప్పించుకోవడమే ఇక్కడి మోసగాళ్లకు మిగిలిన దారి.

పోయిన మొత్తం చిన్నది కాదు. కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన లెక్కల ప్రకారం దేశంలో సైబర్ మోసాల వల్ల 2023లో జనం పోగొట్టుకున్నది 7,465 కోట్ల రూపాయలు. 2024లో అది 22,845 కోట్లకు చేరింది. ఇందులో కంప్యూటర్ కంతల్లోంచి దూరి దోచుకున్నది కొంతే. షేర్లలో రెట్టింపు లాభమని నమ్మించి, కొరియర్‌లో మత్తుమందు దొరికిందని బెదిరించి, "డిజిటల్ అరెస్ట్" అని వీడియో కాల్ ముందు రోజుల తరబడి కూర్చోబెట్టి, బాధితుల చేతే పంపించుకున్నది చాలా పెద్ద వాటా. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. 2024 అక్టోబర్ 27న ప్రధాని రేడియో ప్రసంగంలో ఆ సంగతి దేశమంతటికీ చెప్పాల్సి వచ్చింది. ఇలాంటి చోట యాంటీవైరస్ చేసేదేముంది? రిటైరైన ఉపాధ్యాయులూ బ్యాంకు మేనేజర్లూ డాక్టర్లూ పడిపోయారంటే వాళ్లకు కంప్యూటర్ రాక కాదు. పోలీసు అనగానే పరువు గుర్తొచ్చి, ఎవరికీ చెప్పుకోలేని స్థితిలోకి నెట్టేస్తారు. ఒంటరిగా ఉంచడమే ఆ మోసానికి ఆయువుపట్టు. పక్క గదిలో ఉన్న మనిషికి ఒక్క మాట చెబితే అక్కడితో తెగిపోతుంది.

కంప్యూటర్‌కు సంబంధించిన రూపం కూడా ఇలాంటిదే. తెరనిండా ఎర్ర హెచ్చరిక, చెవులు గింగురుమనే శబ్దం, "మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అనే మాట. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి, పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దలకు ఇది ఎదురుకావచ్చు. తన హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఉండదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. బ్రౌజర్ మూసేస్తే ఆ ఉత్తుత్తి వైరస్ కూడా పోతుంది, మూతపడకపోతే కంప్యూటర్ ఆపేసినా సరే. ఆ నంబరుకు ఫోన్ చేస్తే అవతలివాళ్లు దూరం నుంచి మన తెరను నడిపే సాఫ్ట్‌వేర్ ఎక్కించమంటారు. ఆ సాఫ్ట్‌వేర్ చాలావరకు అసలైనదే, కంపెనీలు రోజూ వాడేదే. అందుకే యాంటీవైరస్ దాన్ని పట్టదు. అలాంటి సాఫ్ట్‌వేర్ అయిన ఎనీడెస్క్‌ను ఇలా వాడి ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది.

"ఏదీ నొక్కకు" అనే సలహా స్థానంలో పెట్టదగింది ఇక్కడే దొరుకుతుంది. ఈ సంభాషణ మొదలుపెట్టింది ఎవరు? మనం బ్యాంకు సైట్ తెరిచి, మనం నొక్కి, మనకు ఓటీపీ వస్తే అది మన పని. అవతలివాళ్లు ఫోన్ చేసి, మెసేజ్ పంపి, హెచ్చరిక చూపి మన చేత ఏదైనా చేయించబోతే అక్కడ ఆగాలి. కాల్ కట్ చేసి, కార్డు వెనక అచ్చేసిన నంబరుకు మనమే చేయాలి. గూగుల్‌లో కస్టమర్ కేర్ అని వెతికి దొరికిన నంబర్ పనికిరాదు, అక్కడ మోసగాళ్లు పెట్టిన నంబర్లు బోలెడు. మనం మొదలుపెట్టిన పనులకు ఇంత అనుమానం అక్కర్లేదు. కనుక రోజుకు పాతిక చోట్ల భయపడే అవస్థ తప్పుతుంది.

చిరునామా చూసుకోవడం కూడా ఇప్పుడు సులువైంది. బ్యాంకులన్నీ తమ సైట్లను డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే ప్రత్యేక చిరునామాకు మార్చాలని రిజర్వ్ బ్యాంకు 2025లో ఆదేశించి, అక్టోబర్ 31ని గడువుగా పెట్టింది. ఆ చిరునామా రిజర్వ్ బ్యాంకు ఏర్పాటు గుండా బ్యాంకులకే దొరుకుతుంది. చిరునామాలో మొదట వచ్చే ఒంటి ఏటవాలు గీత (/)కు ముందున్న చివరి భాగం డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అయి ఉండాలి. మధ్యలో ఎక్కడో ఆ మాట కనిపిస్తే సరిపోదు. తాళం బొమ్మను మాత్రం నమ్మకూడదు. అది దారి గుప్తంగా ఉందని చెబుతుందే తప్ప అవతలివాడు మంచివాడని చెప్పదు. మోసగాళ్ల సైట్లకూ తాళం ఉంటుంది. జనం దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే క్రోమ్ 2023లో ఆ బొమ్మనే తీసేసింది.

భయం అక్కర్లేని చోట్లు

రైల్వే స్టేషన్ వైఫై వాడితే బ్యాంకు డబ్బులు పోతాయన్న భయం పదిహేనేళ్ల కిందట నిజం. ఇప్పుడు దాదాపు ప్రతి సైటూ సమాచారాన్ని గుప్తంగా పంపే హెచ్‌టీటీపీఎస్ మీద నడుస్తోంది, దారిలో కూర్చున్నవాడికి పాస్‌వర్డ్ కనిపించదు. నెట్ రాకపోకలను గుప్తమైన దారిలో నడిపే వీపీఎన్ కొనకపోతే ప్రమాదమన్న ప్రకటనలను ఇంటి వినియోగదారు పట్టించుకోనక్కర్లేదు. కుకీల అనుమతి పెట్టెలు గోప్యతకు సంబంధించినవి, వాటిలో ఏది నొక్కినా బ్యాంకు ఖాతా ఎక్కడికీ పోదు.

రూటర్ గురించి ఒక్క మాట. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రామ్, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌ల జంటలు అరవై చిల్లర పెట్టి చూసి లక్షల కెమెరాలనూ రూటర్లనూ స్వాధీనం చేసుకుంది. ఆ అక్టోబర్ 21న వాటితోనే సైట్ల పేర్లను బట్టి దారి చూపే డైన్ అనే సంస్థ మీద దాడి చేస్తే అమెరికాలో ట్విట్టర్ సహా పెద్ద సైట్లు కొన్ని గంటలపాటు అందలేదు. కేబుల్ కుర్రాడు రూటర్ బిగించి వెళ్లిన రోజే దాని అడ్మిన్ పాస్‌వర్డ్ మార్పించుకుంటే ఆ పని తీరిపోతుంది.

ఇక హార్డ్ డిస్క్ సంగతి. పెళ్లి ఫొటోలు, పోయిన పెద్దల వీడియోలు, పిల్లల ప్రాజెక్టులు ఒకే కంప్యూటర్‌లో ఉంటే వాటికి వైరస్‌తో పాటు పిడుగు, ఎలుక, చిందిన టీ అన్నీ శత్రువులే. నెలకోసారి బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, తీసి పక్కన పెట్టాలి. తీయడం ముఖ్యం. తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది. ఇదొక్కటి ఉన్న ఇంట్లో రాన్సమ్‌వేర్ వస్తే పోయేది ఒక ఆదివారం.

జరిగిపోయాక, జరగకముందు

డబ్బు పోయిందని తెలిసిన క్షణం నుంచి గడియారంతో పోటీ. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టాలి. మోసగాళ్లు డబ్బును ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి వరసగా తోస్తారు. అది ఏటీఎం దాకా చేరేలోపు బ్యాంకులు ఆపగలిగితేనే తిరిగొచ్చే ఆశ. బ్యాంకుకు కూడా అదే గంటలో చెప్పాలి. రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, బ్యాంకు తప్పూ ఖాతాదారు తప్పూ లేకుండా మోసం జరిగితే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెప్పినవాళ్ల మీద భారం పడదు. ఓటీపీ మనమే చెప్పి ఉంటే, మనం ఫిర్యాదు చేసేదాకా పోయింది మన నష్టం, ఫిర్యాదు చేశాక పోయింది బ్యాంకు నష్టం. సిగ్గుపడి కొడుక్కి చెప్పకుండా ఒక రాత్రి గడిపితే దాని ధర లక్షల్లో ఉండొచ్చు. పిల్లలు ముందే ఒక మాట ఇచ్చి ఉంచితే మంచిది: ఏం జరిగినా మొదట మాకు ఫోన్ చెయ్యి, మేం కోప్పడం.

అతి జాగ్రత్త వల్ల వచ్చే నష్టం ఒకటుంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. రెండో అంచె కోడ్ వచ్చే ఫోన్ బస్సులో పోతే సొంత ఈమెయిల్ తెరుచుకోదు. కొత్త విండోస్ 11 కంప్యూటర్లు చాలావరకు మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టగానే డిస్క్‌ను వాటంతట అవే గుప్తంగా మార్చేస్తాయి. దాన్ని తెరిచే రికవరీ కీ ఆ ఖాతాలోనే ఉంటుంది. ఆ ఖాతా ఏదో, పాస్‌వర్డ్ ఏదో షాపువాడికి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియని ఇళ్లున్నాయి. మదర్‌బోర్డు మార్చిన రోజున కంప్యూటర్ 48 అంకెల కీ అడుగుతుంది, ఏ దొంగా రాకుండానే ఫొటోలన్నీ పోతాయి. లెక్కలన్నీ చూసుకునే ఇంటిపెద్ద హఠాత్తుగా ఆసుపత్రి పాలైనప్పుడు భార్యకు బీమా పాలసీ వివరాలున్న ఈమెయిల్ కూడా అందదు.

జీమెయిల్ రెండో అంచె పెట్టుకున్నప్పుడు పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. వాటినీ, విండోస్ రికవరీ కీనీ కాగితం మీద అచ్చు తీసి, ఇంటి దస్తావేజులు పెట్టే కవరులోనే పెట్టి, అది ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చూపించాలి. ఖాతా కొన్ని నెలలు వాడకపోతే ఎవరికి అప్పగించాలో ముందే చెప్పి ఉంచే ఏర్పాటు గూగుల్‌లో 2013 నుంచి ఉంది. దసరాకో సంక్రాంతికో ఇంటికొచ్చిన పిల్లలు అమ్మానాన్నల పక్కన ఒక గంట కూర్చుంటే ఈ పనులన్నీ అయిపోతాయి.